వేడి పండు, చల్లని పెరుగు: సాయంకాలపు చిరుతిండికి ఏ పండుకు ఏ పాల పదార్థం కుదురుతుంది?

సాయంత్రం ఐదు దాటిన తరువాత విజయవాడలో ఏ వీధి మలుపులో నిలబడినా మిరపకాయ బజ్జీల నూనె వాసన పలకరిస్తుంది. రోజూ అవి తినలేము, అలాగని ఏమీ తినకుండా రాత్రి భోజనం దాకా ఆగడమూ కష్టమే. సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఈ చిక్కుకు కొన్నేళ్లుగా దొరికిన పరిష్కారం, పెనం మీద కాస్త వేడి చేసిన పండు, దాని పక్కన గిన్నెలో ఒక పాల పదార్థం. పది నిమిషాల్లో తయారవుతుంది, కడుపులో బరువుగా ఉండదు, చక్కెర డబ్బా మూత తీయవలసిన అవసరం కూడా చాలాసార్లు రాదు. అయితే ఏ పండుకు ఏది జత చేయాలన్న దగ్గర మాత్రం ఎంచుకోవడం తెలియాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జత కుదిరితే రుచి తగ్గడంతో ఆగదు, గిన్నె మొత్తం పారబోయవలసి వస్తుంది.

పండును పాలతోనో పెరుగుతోనో కలిపి తినడం మనకు కొత్త కాదు. వ్రతం నాడు అరచేతిలో పోసే పంచామృతంలో అరటిపండు ముక్కలు పాలు, పెరుగు, నెయ్యి, తేనెలతో కలిసే ఉంటాయి. వేసవిలో పెరుగన్నంలోకి మామిడిపండు లేనిదే భోజనం పూర్తయినట్టు భావించని ఇళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. మరోవైపు, పుల్లటి పండ్లను పాలతో కలపడాన్ని ఆయుర్వేదం విరుద్ధాహారంగా చెబుతుంది. పెరుగుతో అరటిపండు కూడా కూడదనే పెద్దలు మా బంధువుల్లోనే ఉన్నారు. ఆ నియమాలు పాటించేవారితో వాదించడం నా ఉద్దేశం కాదు. కాకపోతే పుల్లటి పండుకూ వేడి పాలకూ పొసగదన్న మాట వంటింటి లెక్కలోనూ నిజమే, ఆ కారణం ముందు తెలుసుకుంటే మిగిలిన ఎంపిక సులువవుతుంది.

పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు సన్నని రేణువులుగా పాలంతటా పరుచుకుని ఉంటుంది. పులుపును కొలిచే పీహెచ్ అంకె తాజా పాలలో సుమారు 6.7. పులుపు చేరుతున్నకొద్దీ ఆ అంకె తగ్గుతూ 4.6 దగ్గరకు వచ్చేసరికి కేసీన్ గడ్డకట్టి, నీరు విడిపోతుంది. ఇది గది వేడిమిలో జరిగే సంగతి. పాలు వేడిగా ఉన్నప్పుడు అంత పులుపు కూడా అక్కర్లేదు, ఇంకా ముందుగానే విరిగిపోతాయి. అనాసలోనూ ఆపిల్‌లోనూ ఉండే పులుపు ఆ పనికి చాలినంత ఉంటుంది. నేను ఈ పాఠం పుస్తకంలో నేర్చుకోలేదు. మొదటిసారి అనాస ముక్కలు బాణలిలో ఉడుకుతుండగా, పాయసంలా వస్తుందన్న ఆశతో అర గ్లాసు పాలు నేరుగా పోశాను. గరిటె రెండోసారి తిప్పేలోపే పచ్చని నీటిలో తెల్లని పలుకులు తేలాయి. ఆ పూట అందరం మరమరాలతో సరిపెట్టుకున్నాము.

అప్పటి నుంచి మా ఇంట్లో పాటిస్తున్న పద్ధతి ఒక్కటే: వేడి పండుకే గాని పాల పదార్థానికి కాదు. పండు పెనం మీద నుంచి దిగాలి, పెరుగు ఫ్రిజ్ లోంచి రావాలి, రెండూ పళ్లెంలోనే కలవాలి. దీనికి మినహాయింపులు రెండే రెండు ఉన్నాయి, ఒకటి పనీర్, రెండోది అరటితోనో సపోటాతోనో కలిపే గోరువెచ్చని పాలు. వాటి సంగతి ఆయా చోట్ల చెబుతాను.

అరటి: రోజూ చేసుకోగలిగినది

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ఉండేవారికి ఏడాది పొడవునా, అన్ని బళ్ల మీదా దొరికే పండు అరటే కాబట్టి ముందు దీని గురించే వివరంగా చెప్పాలి. అయితే అన్ని రకాలూ పెనం మీద ఒకేలా నిలవవు. చక్కెరకేళి చేతితో తినడానికి ఎంత బాగుంటుందో వేడి చేయడానికి అంత పనికిరాదు, అది మెత్తన, నేతిలో వేసిన నిమిషానికే జావలా మారుతుంది. అమృతపాణి రుచికి మేలైనదే గాని మగ్గగానే గెల నుంచి రాలిపోయే స్వభావం గలది, పైగా కొన్ని పండ్లలో మధ్యన గట్టి ముద్ద తగులుతుంది. పచ్చ అరటి అని మనం పిలిచే పొడుగాటి పండు ఆకారం నిలబెట్టుకుంటుంది, రుచి మాత్రం చప్పన. నా ఓటు చిన్నదైన కర్పూర అరటికి. దానిలో సహజంగా ఉండే కొద్దిపాటి పులుపు వేడి తగిలిన తరువాత తీపితో కలిసి, నాలుక మీద ఏకధాటిగా కాకుండా ఎగుడుదిగుడుగా తెలుస్తుంది.

పండు ఎంత మగ్గి ఉండాలన్నది రకం కన్నా ముఖ్యమైన విషయం. అరటి మగ్గేకొద్దీ అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, కనుక పచ్చిగా ఉన్న పండును వేడి చేస్తే కూర రుచి వస్తుంది. బాగా నల్లబడినదైతే పెనానికి అంటుకుంటుంది. తొక్క మీద అక్కడక్కడ నల్ల చుక్కలు పడి, వేలితో నొక్కితే లోపలి కండ ఇంకా ఎదురు తిరుగుతున్నట్టు ఉండే పండు సరైనది.

ఒకరికి రెండు కర్పూర పండ్లు చాలు. వాటిని నిలువునా రెండుగా చీల్చాలి, చక్రాలుగా తరిగితే తిప్పడం కష్టం. పెనం బాగా వేడెక్కనిచ్చి, అర చెంచా నెయ్యి రాసి, మంట మధ్యస్థంగా పెట్టి, కోసిన వైపు కిందికి ఉండేలా ముక్కలను పరచాలి. మొదట చిటపటమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు క్రమంగా సన్నగిల్లి, నేతి వాసన పోయి పాకం వాసన మొదలైనప్పుడు, అంటే సుమారు రెండు నిమిషాలకు, అట్లకాడను ముక్క కిందికి పోనిచ్చి చూడాలి. అంచులు బెల్లం రంగులోకి వచ్చి, ముక్క దానంతట అదే పెనాన్ని వదిలితే తిప్పవచ్చు. వదలకపోతే బలవంతం చేయకూడదు, ఇంకో అర నిమిషం ఆగితే అదే వదులుతుంది. రెండో వైపు ఒక్క నిమిషం చాలు. నేతికి బదులు వెన్న వాడేవారు ఉన్నారు గాని, వెన్నలో నీరు, పాల పలుకులు ఉంటాయి, ఆ పలుకులు త్వరగా మాడి పండుకు చేదు అంటిస్తాయి.

దీనికి జత చల్లని, గట్టి పెరుగు. పెరుగులోని పులుపు అరటి తీపిని అదుపులో పెడుతుంది, పైన చిటికెడు యాలకుల పొడి, నాలుగు వేయించిన పల్లీలు చిదిమి చల్లితే కరకరలాడే రుచి కూడా చేరుతుంది. ఇది కాక, రాత్రి పూట నమలడం కష్టమైన పెద్దవారికి ఇదే వేడి అరటిని చెంచాతో మెదిపి, గోరువెచ్చని పాలలో కలిపి వెంటనే ఇవ్వవచ్చు. అరటి పులుపు తక్కువ కనుక పాలు అంత తేలికగా విరగవు. అయితే పాలు మరుగుతున్నప్పుడు వేయకూడదు, కలిపిన తరువాత నిలవ ఉంచకూడదు.

ఆపిల్: ముందుగా చేసి పెట్టుకోదగినది

ఆపిల్ మన నేల పంట కాదు. ఆగస్టు మొదలుకొని హిమాచల్, కశ్మీర్ తోటల పంట మన బజార్లకు దిగుతుంది, ఆ రెండు మూడు నెలల్లో కొన్నదానికీ వేసవిలో శీతల గిడ్డంగి నుంచి వచ్చినదానికీ రుచిలో చాలా తేడా ఉంటుంది. నిలవ ఉండి పిండిలా పొడిపొడిగా మారిన ఆపిల్‌ను కోసుకుని తినడం శిక్షే. అటువంటి పండును కాపాడేది వేడి ఒక్కటే, అందుకే ఈ చిరుతిండిని ఆపిల్‌తో చేయదలచినవారు మేలైన పండు కోసం ఎక్కువ ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఒక పండును తొక్క తీసి, వేలెడంత ముక్కలుగా కోసి, రెండు మూడు చెంచాల నీరు, చిన్న దాల్చిన చెక్క ముక్క వేసి మూతపెట్టి సన్నని మంట మీద ఆరేడు నిమిషాలు మగ్గనివ్వాలి. ముక్క మీద చెంచా ఆనించగానే దిగబడాలి, ముద్ద మాత్రం కాకూడదు. ఇది అరటికన్నా నిదానంగా అవుతుంది, కాని అరటికి లేని ఒక సుగుణం దీనికి ఉంది: ఉదయం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని సాయంత్రం మళ్లీ వేడి చేసుకున్నా రుచి చెడదు. అరటి ముక్క పది నిమిషాలు ఆగితే నల్లబడి నీరుకారిపోతుంది.

ఆపిల్‌కు పెరుగు జత చేస్తే రెండు పులుపులు ఒకచోట చేరి రుచి పదునెక్కుతుంది, కొందరికి అదే ఇష్టం. నాకు మాత్రం చల్లని మీగడ నచ్చుతుంది. మీగడలో కొవ్వు ఎక్కువ, కేసీన్ తక్కువ కనుక పుల్లటి వేడి పండు తగిలినా పాలలా విరిగిపోదు, కరిగి ముక్కల చుట్టూ చేరుతుంది. ఇక్కడ కొలత మరచిపోకూడదు. బజారులో దొరికే ఫ్రెష్ క్రీమ్ డబ్బాలలో సాధారణంగా 25 శాతం కొవ్వు ఉంటుంది, అంటే ఒక పెద్ద చెంచాలోనే సుమారు 4 గ్రాములు. ఒక చెంచా పోస్తే చిరుతిండి తేలికగానే ఉంటుంది, నాలుగు చెంచాలు పోస్తే బజ్జీలు మానుకున్న ప్రయోజనం లేదు.

అనాస: వేడి చేయక తప్పనిది

మిగిలిన పండ్లను వేడి చేయడం రుచి కోసం, అనాసను వేడి చేయడం అవసరం కోసం. వేడి చేయని అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాల మాంసకృత్తులను ముక్కలుగా తెంచుతుంది. వేడి చేయని అనాస ముక్కలను పెరుగులో కలిపి ఒక గంట పక్కన పెట్టి రుచి చూస్తే తెలియవచ్చే చేదు దాని పనే. బాగా వేడి చేస్తే ఈ ఎంజైమ్ శక్తి కోల్పోతుంది, కనుక అనాస ముక్కలను పైపైన కాల్చి దించకుండా, లోపలి దాకా వేడెక్కి ఆవిరి వచ్చే వరకు కనీసం ఐదారు నిమిషాలు పెనం మీద ఉంచాలి. నెయ్యి అవసరం లేదు. దాని రసమే ఊరి, ఇగిరి, చివరకు ముక్కలకు పాకంలా పట్టుకుంటుంది.

దీనికి పనీర్‌ను మించిన జత నాకు కనబడలేదు. పనీర్ అంటేనే పులుపుతో విరగగొట్టి నొక్కిన పాలు, ఇక దానికి కొత్తగా విరిగే భయం లేదు, వేడికి కరగదు కూడా. అనాస దించే ముందు రెండు నిమిషాలు పనీర్ ముక్కలను అదే బాణలిలో దొర్లిస్తే, తెల్లని ముక్కల అంచులు బంగారు రంగుకు తిరిగి, అనాస రసాన్ని పీల్చుకుంటాయి. పైన మిరియాల పొడి, చిటికెడు ఉప్పు. తీపి చిరుతిండి ఇష్టపడనివారు కూడా దీన్ని కాదనరు. 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి గాని, కొవ్వు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, అందువల్ల ఒకరికి 40 నుంచి 50 గ్రాములు సరిపెట్టుకోవడం మంచిది. అనాస తొక్క తీసి, కళ్లు తవ్వే ఓపిక లేనివారు బండి దగ్గరే కోయించి తెచ్చుకోవచ్చు, వేడి చేస్తాము గనుక శుభ్రత విషయంలో భయం కూడా కొంత తగ్గుతుంది.

మామిడి, ఇతర పండ్లు

నూజివీడు తోటలు, నున్న మామిడి మార్కెట్ ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో మామిడిని పక్కన పెట్టమంటే ఎవరికైనా కోపం రావచ్చు. అయినా నా సలహా అదే. మామిడి పరిమళం తేలికైనది, వేడి తగిలితే ఎక్కువ భాగం వంటింటి గాలిలోనే కలిసిపోతుంది. చిన్న రసాలు, పెద్ద రసాలు పిండుకుని తినడానికి పుట్టినవి, పెనం మీద పీచు మిగులుతుంది. ఎవరైనా చేసి తీరాలనుకుంటే కాస్త దోరగా ఉన్న బంగినపల్లి తీసుకోవాలి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ రకంలో పీచు ఉండదు, కండ గట్టిగా ఉంటుంది, మందపాటి ముక్కలు కోసి వైపుకు ఒక్క నిమిషం చొప్పున కాల్చి చల్లని పెరుగుతో తినవచ్చు. బాగా మగ్గిన బంగినపల్లి మాత్రం చల్లగానే తినండి. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన సాయంత్రం స్టవ్ ముందు నిలబడి మామిడిపండు కాల్చవలసిన అగత్యం ఎవరికీ లేదు.

జామను గింజలు తీసి, అల్లం తురుముతో మగ్గిస్తే వాసన ఇల్లంతా నిండుతుంది, మీగడతో బాగుంటుంది, కాని గింజలు తీయడానికి పట్టే సమయం చూస్తే ఇది పది నిమిషాల పని అనిపించుకోదు. సపోటా పులుపు లేని పండు, వేడి చేసి మెదిపితే గోరువెచ్చని పాలలో చక్కగా కలుస్తుంది, అయితే తీపి మరీ ఎక్కువ కనుక చిన్న గ్లాసు చాలు. బొప్పాయిలో అనాసలో వలెనే మాంసకృత్తులను తెంచే ఎంజైమ్ ఉంటుంది. పచ్చి కాయలో ఎక్కువగా, పండిన దానిలో తక్కువగా ఉండే ఆ పపైన్ వేడికి అంత సులువుగా లొంగదు, పైగా వేడి బొప్పాయి వాసన నాకు గిట్టదు. నిమ్మరసం పిండి చల్లగా తినడమే దానికి మర్యాద. సీతాఫలం జోలికి అసలు పోవద్దు, ఆ గుజ్జును కాచితే చేదెక్కుతుంది.

పెరుగు ఎంపికలోనే సగం రుచి

పండు ఎంత బాగా వేగినా, దాని పక్కన నీళ్ల పెరుగు పోస్తే పళ్లెం చెరువవుతుంది. అందువల్ల ఏ పాలతో తోడుపెట్టామన్నది చూసుకోవాలి. ప్యాకెట్ రంగులు డెయిరీని బట్టి మారతాయి, కాబట్టి రంగును కాక దాని మీద రాసిన మాటను చదవాలి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉండాలని నిబంధన. గేదె పాలు ఇంటికి పోయించుకునేవారికి ఈ లెక్కతో పని లేదు, ఆ పెరుగు చాకుతో కోయవచ్చు. రోజువారీ చిరుతిండికి టోన్డ్ పాల పెరుగును వడకట్టి వాడటం నాకు అన్నిటికన్నా సమంజసంగా తోస్తుంది, కొవ్వు పెరగకుండానే చిక్కదనం వస్తుంది.

వడకట్టడం అంటే పెద్ద పనేమీ కాదు. జల్లెడ మీద పలచని నూలుబట్ట పరచి, అర కిలో కమ్మటి పెరుగు వేసి, కింద గిన్నె పెట్టి, మొత్తాన్ని ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచితే ఇంచుమించు సగానికి దిగి, చెంచాతో తీస్తే నిలబడే గట్టి పెరుగు మిగులుతుంది. మా అమ్మ మూటకట్టి వంటింటి కొక్కేనికి వేలాడదీసేది. చలికాలంలో ఆ పద్ధతి పరవాలేదు, మన ఎండాకాలంలో మాత్రం మూట దించేసరికి పెరుగు పులిసిపోతుంది. కింద దిగిన నీటిని పారబోయకుండా చపాతీ పిండి కలపడానికి వాడుకోవచ్చు. అంత వ్యవధి లేనప్పుడు గడ్డ పెరుగును కదపకుండా పైపొరను మాత్రం వెడల్పాటి గరిటెతో జాగ్రత్తగా తీసుకుంటే ఒక పూటకు గడుస్తుంది. దుకాణాల్లో దొరికే రుచులు కలిపిన తీపి పెరుగు కప్పులను నేను సిఫారసు చేయను, పండులో ఉన్న తీపి మీద మళ్లీ చక్కెర వేసుకున్నట్టే అవుతుంది. వేడి పండు మీద ఐస్‌క్రీమ్ వేసుకోవడం పిల్లలకు పండగే, కాని అది వేరే కోవకు చెందిన తిండి, ఈ పోలికలోకి రాదు.

ఎవరికి ఏది

బడి నుంచి ఆకలితో వచ్చే పిల్లలకు అరటి, పెరుగు జత ఇవ్వండి. తేనె అడిగితే పళ్లెంలో చల్లారిన తరువాత ఒక చుక్క వేయవచ్చు, ఏడాది నిండని పసివారికి మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. సాయంత్రం వ్యాయామం చేసి వచ్చేవారికి అనాస, పనీర్ కుదురుతుంది. పండుతో పోలిస్తే పనీర్ వాటా ఎక్కువ పెట్టుకున్నా తప్పు లేదు. చక్కెర వ్యాధి ఉన్నవారు మగ్గిన అరటిని, సపోటాను పక్కన పెట్టి, సగం ఆపిల్‌తోనో సగం జామకాయతోనో వడకట్టిన పెరుగు తీసుకోవడం మేలు, పరిమాణం తమ వైద్యులను అడిగి తేల్చుకోవాలి. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు కొంతవరకు పడుతుంది, ఎందుకంటే తోడుకునే క్రమంలో పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొంత ఖర్చయిపోతుంది. అటువంటివారు మొదట రెండు చెంచాలతో మొదలుపెట్టి చూసుకోవాలి.

చెప్పకుండా చుట్టాలు వచ్చిన రోజున అరటి జోలికి పోకండి. పెనం మీద ఒక్కసారికి ఆరు ముక్కల కన్నా పట్టవు, మొదటివారి పళ్లెంలోవి చల్లారేసరికి చివరివారివి ఇంకా వేగుతుంటాయి. నాలుగు ఆపిల్‌లను ఒకే బాణలిలో మగ్గబెట్టి, మూత తీయకుండా ఉంచితే మాటలు ఎంతసేపు సాగినా ఇబ్బంది లేదు. అందరూ కూర్చున్న తరువాత చిన్న గిన్నెల్లో సర్దండి, మీగడ ఇష్టపడేవారికి ఒక చెంచా, పులుపు కోరేవారికి పెరుగు. ఆ రెండు గిన్నెలూ మాత్రం చివరి నిమిషం దాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి.